నిజాయితీగల సాక్షి పొరబడితే

(మా పట్టణంలోని షాదీఖానాలో జరిగిన న్యాయ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో కేసుల ప్రస్తావన వస్తే సాధారణంగా అక్రమ నిర్బంధం గురించి, బనాయించిన కేసుల గురించి, అబద్ధపు సాక్ష్యాల గురించి మాట్లాడుకుంటాము. అవి జరుగుతున్నాయి. వాటిపై పోరాటం సాగవలసిందే. ఈ సాయంత్రం మాత్రం మేము వేరొక విషయం మీ ముందు ఉంచదలిచాము. ఎవరూ కుట్ర పన్నకుండానే, ఎవరూ అబద్ధమాడకుండానే, దైవభీతి గల మనిషి తాను కళ్ళారా చూసినదే చెబుతున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతూనే, ఒక నిరపరాధిని జైలుకు పంపగలడు. ఈ సంగతి మేము పుస్తకాలలో చదివి తెలుసుకున్నది కాదు. పుస్తకాలు తరువాత చదివాము. ముందుగా ఆ తప్పు మా చేతుల మీదుగానే జరిగింది.

సుమారు తొమ్మిదేళ్ల క్రితం మన బజారు వీధిలో జరిగిన గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊరేగింపు సాగుతుండగా రాళ్లు పడ్డాయి. ఒక గడియారాల మరమ్మతు దుకాణం, దాని పక్కనున్న బేకరీ తగలబడ్డాయి. ఒక పిల్లవాడి తల పగిలింది. మరునాడు అసర్ నమాజు తరువాత కమిటీ తరఫున మేము పదకొండు మంది ప్రత్యక్షసాక్షులను మసీదు పక్క హాలులో కూర్చోబెట్టాము. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాళ్లము కదా, పిటిషన్ రాసే బాధ్యత మాకే అప్పగించారు. అందరూ ఒకేచోట కూర్చున్నారు. ఒకరు చెబుతుంటే తక్కినవారు విన్నారు. ఎర్ర చొక్కా వేసుకున్న కుర్రవాడు పెట్రోలు సీసా విసిరాడని ఒకరన్నారు. మొదట్లో ఆ మాట అన్నది ఒక్కరే. ఇషా అజాన్ వినిపించే వేళకు ఎర్ర చొక్కాను చూసినవారు ఏడుగురయ్యారు. సాక్ష్యం బలపడుతోందని మేము లోలోపల సంతోషించాము.

అప్పుడు ఎవరో ఫోనులో ఊరేగింపు ఫోటో ఒకటి తెరిచి దర్జీ చాచాకు చూపించారు. అందులో ఎర్ర చొక్కాతో ఒక యువకుడు ఉన్నాడు. "వీడేనా చాచా?" అని అడిగారు. చాచా కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూశారు. "వీడే అయి ఉండాలి" అన్నారు. మేము పిటిషన్‌లో "వీడే" అని రాశాము. "అయి ఉండాలి" అన్న రెండు మాటలు మా కలం దగ్గరే రాలిపోయాయి.

ఆ యువకుణ్ణి అరెస్టు చేశారు. నలభై ఏడు రోజులు రిమాండులో ఉన్నాడు. ఆ సాయంత్రం ఊరేగింపు మొదలైన కాసేపటికే భార్యకు నొప్పులు రావడంతో అతడు ప్రభుత్వ ఆసుపత్రికి పరుగెత్తాడని, సీసా పడిన సమయానికి కాన్పుల వార్డు బయటే ఉన్నాడని ఆసుపత్రి రిజిస్టరూ, అక్కడి కెమెరా దృశ్యాలూ తరువాత తేల్చాయి. చార్జిషీటులో అతడి పేరు తీసేశారు. తక్కిన నిందితులపై విచారణ జరిగినప్పుడు వారి వకీలు మన సాక్షుల వాంగ్మూలాలను ఒకటొకటిగా చదివి వినిపించారు. పోలీసులు మా పిటిషన్‌నే ముందు పెట్టుకొని వాంగ్మూలాలు నమోదు చేసుకున్నారు. అందువల్ల ఏడింటిలోనూ ఒకే వాక్యం ఉంది. ఆ వాక్యం మేము రాసినది. ఇంత మంది ఒకే మాట ఎలా చెప్పగలరని, వీరే కదా ముందొక అమాయకుణ్ణి చూపించినదని వకీలు అడిగారు. సంశయలాభం కింద అందరూ విడుదలయ్యారు. ఏ తప్పూ చేయనివాడు జైలులో గడిపాడు. దుకాణాలు తగలబెట్టినవారెవరో నేటికీ తెలియదు. రెండు అన్యాయాలూ మా ఒక్క కాగితంలోంచే పుట్టాయి.

దర్జీ చాచా అబద్ధం చెప్పారా? ఆయనను ఎరిగినవారెవరూ ఆ మాట అనలేరు. మరి ఏమి జరిగినట్టు?

మన విద్వాంసులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. హదీసు శాస్త్రంలో ఒక రావీ చెప్పినదాన్ని స్వీకరించడానికి అతనిలో రెండు గుణాలు విడివిడిగా పరీక్షిస్తారు. ఒకటి అదాలత్, అంటే అతని ధర్మనిష్ఠ, సత్యసంధత. రెండవది జబ్త్, అంటే విన్నదానిని మార్పు లేకుండా నిలుపుకొని అందించగల శక్తి. మొదటిది ఎంత ఉన్నా రెండవది లోపిస్తే ఆ కథనాన్ని బలహీనమైనదిగానే లెక్కించారు. వృద్ధాప్యంలో జ్ఞాపకం కలగాపులగమైన సత్పురుషుల విషయంలో, వారు అంతకుముందు చెప్పినవి వేరుగా, ఆ తరువాత చెప్పినవి వేరుగా గుర్తించారు. వారిని అగౌరవపరచడం అక్కడ ఉద్దేశం కాదు. మంచి మనిషి వేరు, మంచి జ్ఞాపకం వేరు అని గ్రహించడమే. ఇంతటి వారసత్వం గల మనము చాచా నమాజీ కనుక ఆయన చూపించినవాడే దోషి అని ఒక్క రాత్రిలో తేల్చుకున్నాము.

పాశ్చాత్య దేశాలలో ఈ విషయాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా పరిశీలిస్తున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1908లో సాక్షుల జ్ఞాపకంపై ఒక పుస్తకం ప్రచురించారు. అందులో ఆయన తన ఇంట్లో జరిగిన దొంగతనం గురించే రాసుకున్నారు. దొంగలు నేలమాళిగ కిటికీలోంచి వచ్చారనీ, గడియారాన్ని కాగితంలో చుట్టి పెట్టారనీ, వారు ఇద్దరనీ కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. తీరా చూస్తే వచ్చింది తలుపు తాళం పగలగొట్టి. గడియారం చుట్టి ఉన్నది బల్ల గుడ్డలో. ఇద్దరు దొంగలని చెప్పడానికి ఆధారమే లేదు. జ్ఞాపకశక్తిని శాస్త్రంగా అధ్యయనం చేసిన పండితుడి పరిస్థితి ఇది. అది చదివినప్పుడు, చాచా విషయంలో మా మనసు కొంత తేలికపడిందని ఒప్పుకుంటున్నాము.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు కార్ల ప్రమాదాల చిత్రాలు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళుతున్నాయని అడిగారు. కొందరిని "తగిలినప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగారు. మరికొందరిని "గుద్దుకొని నుజ్జయినప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగారు. మొదటివారు చెప్పిన సగటు వేగం గంటకు 34 మైళ్లు, రెండవవారు చెప్పినది 40 మైళ్లకు పైగా. వారు చేసిన మరో ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఈసారి 150 మందికి ఒక ప్రమాద చిత్రం చూపించారు. వారం తరువాత పిలిచి, పగిలిన గాజు కనబడిందా అని అడిగారు. చిత్రంలో పగిలిన గాజు లేనే లేదు. "నుజ్జయినప్పుడు" అన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. "తగిలినప్పుడు" అని విన్న 50 మందిలో అలా అన్నవారు 7గురు. ప్రశ్నలోని ఒక్క క్రియాపదం మనసులో గాజుముక్కలు పరిచింది. "ఎర్ర చొక్కావాడు ఎటు పారిపోయాడు?" అని మేము ఆ రాత్రి ఎన్నిసార్లు అడిగామో! ఆ ప్రశ్నలోనే చొక్కా ఉంది, రంగు ఉంది, పారిపోవడమూ ఉంది.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం గురించి కూడా పరిశోధన ఉంది. గాబర్ట్, మెమన్, అలన్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఇద్దరిద్దరికి ఒకే సంఘటనను చూపించారు. వారికి తెలియకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క కోణంలో తీసిన దృశ్యం చూపించారు. తరువాత వారిని మాట్లాడుకోనిచ్చి, ఎవరికి వారు చూసినది చెప్పమన్నారు. మాట్లాడుకున్నవారిలో 71 శాతం మంది తాము చూడని, ఎదుటివారి నోట మాత్రమే విన్న అంశం కనీసం ఒకటైనా తమ జ్ఞాపకంగా చెప్పారు. మన హాలులో ఉన్నది ఇద్దరు కాదు, పదకొండు మంది. పైగా అందరూ భయంలో, దుఃఖంలో ఉన్నారు.

ఇప్పుడు అమెరికాలోని ఒక కేసు చెబుతాము. 1984లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని బర్లింగ్‌టన్ పట్టణంలో ఒక విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. ఆమె ధైర్యవంతురాలు. ఆ దుర్మార్గుడి ముఖాన్ని బాగా చూసి గుర్తుపెట్టుకోవాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకుంది. పోలీసులు ఫోటోలు చూపించారు. చాలాసేపు చూసి రోనాల్డ్ కాటన్ అనే నల్లజాతి యువకుడి ఫోటోను ఎంచుకుంది. తరువాత కొందరిని వరుసలో నిలబెట్టి చూపించినప్పుడూ అతడినే గుర్తుపట్టింది. ఫోటోలో ఎంచుకున్నదీ అతడినే అని పోలీసులు ఆమెకు చెప్పారు. ఆమె మనసులో మిగిలిన కాస్త సందేహమూ ఆ మాటతో తొలగిపోయింది. 1985లో శిక్ష పడింది. అసలు దోషి బాబీ పూల్ మరో కేసులో అదే జైలులోనే ఉన్నాడు. 1987లో రెండవ విచారణలో పూల్‌ను కోర్టులో ఆమె ఎదుట నిలబెట్టారు. అతడిని తాను ఎన్నడూ చూడలేదని ఆమె చెప్పింది. ఆనాటి ముఖం స్థానంలో అప్పటికే కాటన్ ముఖం స్థిరపడిపోయింది. 1995లో డి.ఎన్.ఎ. పరీక్ష నేరం పూల్‌దని నిర్ధారించింది. కాటన్ పదేళ్లకు పైగా జైలులో గడిపి విడుదలయ్యాడు.

ఇందులో గమనించవలసినది ఆ పోలీసు మాట. 1998లో వెల్స్, బ్రాడ్‌ఫీల్డ్ చేసిన పరిశోధనలో, తప్పు వ్యక్తిని ఎంచుకున్న సాక్షులలో కొందరికి సరైనవాడినే గుర్తించారని చెప్పారు. అది విన్నవారికి తమ నిర్ణయంపై నమ్మకం పెరగడం ఒక్కటే కాదు, తాము మనిషిని బాగా చూశామని కూడా అనిపించింది. అంటే మెచ్చుకోలు వెనక్కి వెళ్లి జ్ఞాపకాన్ని సైతం దిద్దుతుంది. కాబట్టి సాక్షి మొట్టమొదట గుర్తుపట్టినప్పుడు, ఎవరూ ఏమీ చెప్పకముందు, ఎంత నమ్మకంతో చెప్పాడన్నదానికి విలువ ఉంది. నాలుగేళ్ల తరువాత బోనులో వేలెత్తి చూపే గట్టితనానికి ఆ విలువ లేదు. అమెరికాలో డి.ఎన్.ఎ. పరీక్షలతో నిర్దోషులని తేలిన 375 మంది కేసులను ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ సంస్థ లెక్కవేస్తే, వాటిలో 69 శాతం కేసులలో ప్రత్యక్షసాక్షులు పొరపాటుగా గుర్తించడం ఒక కారణమని తేలింది.

ఆ కేసులో బాధితురాలు శ్వేతజాతీయురాలు, కాటన్ నల్లజాతివాడు. తన వర్గంవారి ముఖాలను గుర్తించినంత బాగా ఇతర వర్గాల ముఖాలను మనిషి గుర్తించలేడని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. మన దేశంలో రంగు స్థానంలో గడ్డం, టోపీ ఉన్నాయని మా అభిప్రాయం. దూరం నుంచి చూసినవారి కన్ను టోపీ దగ్గర ఆగిపోతుంది, ముఖం దాకా వెళ్లదు. తరువాత టోపీ ఉన్న ఏ ఫోటో చూపినా వాడే అనిపిస్తుంది. మన యువకుల విషయంలో ఇలా జరిగిందని మనము ఆవేదన చెందుతాము. మరి ఆ రాత్రి మనవాళ్ల కన్ను ఎక్కడ ఆగింది? ఎర్ర చొక్కా దగ్గర, మెడలోని కండువా దగ్గర ఆగింది. ఆ యువకుడి ముఖం దాకా ఎవరూ వెళ్లలేదు. ఈ మాట సభలో కొందరికి రుచించకపోవచ్చు. మాకూ రుచించలేదు. అయినా చెప్పక తప్పదు.

చట్టం సంగతికి వద్దాము. మన చట్టంలో గుర్తింపు పరేడ్ ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 54వ సెక్షన్ దానికి సంబంధించినదే. పరేడ్ దానంతట అది నేరాన్ని రుజువు చేయదు. కోర్టులో సాక్షి చేసే గుర్తింపుకు అది బలం మాత్రమే. పరేడ్‌కు ముందే సాక్షికి నిందితుడి ఫోటో చూపిస్తే ఆ బలమూ పోతుంది. అరెస్టయినవారి ముఖానికి ముసుగు వేసి తీసుకువెళ్లడంలోని ఆంతర్యం ఇదే. ముసుగు పోలీసులు వేస్తారు, ఫోటోలు మనము వాట్సాప్‌లో తిప్పుతాము! పట్టుబడినవాడు నిజంగా దోషి అయినా ఆ ఫోటో అతడికే మేలు చేస్తుంది. నిర్దోషి అయితే వాడి గతి ఏమిటో చెప్పనక్కరలేదు.

సుప్రీంకోర్టు 1983లో భర్వాడా భోగిన్‌భాయి కేసులో ఈ విషయమై చక్కగా వివరించింది. మనిషి మనసు వీడియో టేపు కాదని, కాలవ్యవధులు చాలామంది ఉజ్జాయింపుగానే చెబుతారని, సంపూర్ణంగా సత్యవంతుడైన సాక్షి సైతం కోర్టు వాతావరణానికి బెదిరి సంఘటనల క్రమం తారుమారు చేయవచ్చని, ఖాళీలను ఊహతో నింపవచ్చని పేర్కొంది. చిన్న చిన్న తేడాలను బట్టి సాక్షిని అబద్ధాలకోరుగా చూడకూడదన్నది ఆ తీర్పు సారం. అంతకు ఎంతో ముందు, 1957లో వడివేలు తేవర్ కేసులో, సాక్షుల సంఖ్య కన్న సాక్ష్యపు నాణ్యత ముఖ్యమని అదే కోర్టు చెప్పింది. ఏడుగురు ఒకే మాట చెబితే కేసు గెలుస్తుందనుకున్న మాకు ఈ రెండు తీర్పులూ అప్పట్లో తెలియవు.

ఖాళీలను ఊహతో నింపడం ఎలా ఉంటుందో మాకు స్వయంగా అనుభవమే. ఉద్యోగకాలంలో ఒకసారి ఒక పంచనామాకు సాక్షిగా సంతకం చేశాము. ఆరేళ్లకు కోర్టు పిలిచింది. తనిఖీ ఏ వేళ జరిగిందని అడిగితే, "సాయంత్రం, దీపాలు పెట్టే వేళ" అని తడుముకోకుండా చెప్పాము. మా కళ్ళ ముందు ఆ గదిలో వెలుగుతున్న బల్బు స్పష్టంగా కనిపిస్తోంది. వకీలు కాగితం చూపించారు. ఉదయం 11 గంటలని ఉంది. కింద మా సంతకమే! కిటికీ లేని గది కనుక పగలే బల్బు వేసి ఉంటారు. బల్బును బట్టి మా మనసు సాయంత్రాన్ని తయారుచేసుకుంది. ఆ కాగితమే లేకుంటే ఈనాటికీ అది సాయంత్రమేనని ప్రమాణం చేసి ఉండేవాళ్లము.

రాతకున్న ఈ విలువ మనకు బఖరా సూరాలోనే ఉంది. ఖుర్ఆన్‌లో అన్నింటికన్న దీర్ఘమైన 282వ ఆయత్ అప్పు లావాదేవీని చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని, సాక్ష్యం దానివల్ల మరింత స్థిరపడుతుందని బోధిస్తుంది. భారతీయ సాక్ష్య అధినియమం 162వ సెక్షన్ ప్రకారం, సంఘటన జరిగిన వెంటనే, జ్ఞాపకం తాజాగా ఉండగా సాక్షి స్వయంగా రాసుకున్న కాగితాన్ని కోర్టులో చూసి గుర్తుచేసుకోవచ్చు. ఎదుటిపక్షానికీ ఆ కాగితం చూసే హక్కు ఉంటుంది. కాబట్టి అందులో చూసినది మాత్రమే ఉండాలి.

ఈ కారణంగా మా కమిటీ పద్ధతి మార్చుకుంది. ఎక్కడ ఏ సంఘటన జరిగినా సాక్షులను ఒకచోట చేర్చము. ఎవరి ఇంట్లో వారిని, వీలైతే ఆ రోజే, ఒంటరిగా కూర్చొని తమ చేతితో రాయమంటాము. చదువు రానివారు చెబుతుంటే, ఆ గొడవతో సంబంధం లేని మనిషి చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. "ఏమి చూశారు, ఆ తరువాత ఏమైంది?" అన్న రెండు ప్రశ్నలే అడుగుతాడు. మధ్యలో అందుకోడు, మెచ్చుకోడు, తల కూడా ఊపడు. ఎంత దూరం నుంచి చూశారో, వెలుగు ఎలా ఉందో, అడ్డంగా ఏమైనా ఉందో రాయమంటాము. ఇతరుల నోట విన్నది ఉంటే, ఎవరు చెప్పారో పేరుతో వేరే కాగితం మీద రాయమంటాము. "అయి ఉండాలి", "అనుకుంటాను", "తెలియదు" అన్న మాటలను కొట్టివేయము. రాసి, తేదీ, సమయం వేసి, సంతకం చేసేదాకా ఏ వీడియో చూపించము. ఫోనులోని అసలు వీడియోను మాత్రం చెరపకుండా భద్రపరచమంటాము. ఒక్క ఫోటో చూపించి వీడేనా అని అడగడం మాత్రం మా కమిటీలో ఎవరు చేసినా ఊరుకోము.

పోలీసులు విచారణకు పిలిస్తే స్త్రీలు, పదిహేనేళ్ల లోపు పిల్లలు, అరవై దాటిన పురుషులు స్టేషనుకు వెళ్లనవసరం లేదు. వారిని వారి నివాసంలోనే ప్రశ్నించాలని సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. పోలీసులు నమోదు చేసుకున్న వాంగ్మూలంపై సాక్షి సంతకం తీసుకోకూడదు. రాసినది చదివి వినిపించమని మర్యాదగా కోరండి. "ఎర్ర చొక్కా అని మీరు అంటున్నారు, నేను అనలేదు" అని చెప్పడానికి జంకవద్దు. తల్లులకు ఒక మనవి. పిల్లలు భయపడి ఏదైనా చెబితే వినండి, రాసిపెట్టండి. పదేపదే అడగకండి. అడిగిన ప్రతిసారీ వారు మీ ముఖం చూసి ఒక్కొక్క మాట చేర్చుకుంటారు.

ఈ పద్ధతిలో సాక్ష్యం బలహీనపడుతుందని కొందరు మిత్రులు మాతో వాదిస్తున్నారు. ఏడుగురు చూశారని చెప్పే చోట ఇద్దరే మిగులుతారని వారి బాధ. నిజమే, ఇద్దరే మిగులుతారు. ఆ ఇద్దరినీ ఎంతటి వకీలైనా కదిలించలేడు.

దర్జీ చాచా ఇప్పుడు మన మధ్య లేరు. కేసు కొట్టివేసిన నెలకు ఆయన మా ఇంటికి వచ్చి, "భాయ్, ఆ పిల్లవాడి ఇల్లు చూపించండి" అన్నారు. ఇద్దరమూ వెళ్లాము. అతడు ఇంట్లో లేడు, ఆటో నడపడానికి వెళ్లాడు. అతడి తల్లి గుమ్మంలోనే నిలబడింది. చాచా చేతులు జోడించి, "అమ్మా, నేను చూశాననే అనుకున్నాను" అన్నారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "సాయిబు గారూ, మనవరాలు పుట్టిన రోజు మీకు బాగా గుర్తుండిపోయి ఉంటుంది, మాకూ అంతే" అంది. లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు. తిరిగి వస్తూ ఆటోస్టాండు దగ్గర చాచా ఆగిపోయారు. అక్కడ నలుగురైదుగురు కుర్రవాళ్లు ఉన్నారు. వారిలో అతడు ఎవరని మమ్మల్ని అడిగారు. కోర్టు కాగితాలలో అతడి పేరు వంద సార్లు రాసిన మేమూ చెప్పలేకపోయాము.